ఓడ మీది వంటవాళ్లు

ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర మార్చుకుని చేపలు తోముతున్నాను. గదిలోంచి బావ కేక వేశాడు. "ఒసే షీబా, సేతులు కడుక్కుని బేగి రా. మీటింగ్ మొదలైపోతాది!" మీటింగ్ ఆయనది, అందులో చెప్పాల్సినవన్నీ నావి. కొంగుకు చేతులు తుడుచుకుంటూ లేచాను.

మా ఆయన బెన్హర్ నా మేనత్త కొడుకే, అందుకే బావా అంటాను. గరివిడి ఫ్యాక్టరీలో డ్యూటీ దిగగానే కంప్యూటర్‌లో యుద్ధ విమానం ఎక్కుతాడు. ఆన్‌లైన్‌లో స్నేహితులతో కలిసి ఓడల మీద బాంబులు వేసే ఆట. ఓడ తుపాకులు తన విమానాన్ని ఊరికే కూల్చేస్తున్నాయని, నిజం యుద్ధంలో అంత గురి ఉండేది కాదని రోజూ గొడవే. "నువ్వు హిస్టరీ ఎమ్మే కదేటి, కాస్త సూసి రాసెట్టు" అన్నాడు ఓ రోజు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా చదువు ఆయనకు గుర్తొచ్చింది అప్పుడే. సిగ్గులేకుండా సంబరపడిపోయాను.

వంట అయ్యాక, బట్టలు ఆరేశాక, నెట్‌లో పాత యుద్ధ నివేదికలు వెతికి చదివాను. "కంపూటరు ముందల కూకుంటే కూర ఉడుకుతాదేటే" అని అత్త దెప్పుతూనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ తుపాకులు చాలాసార్లు గురి తప్పిన మాట నిజమే. కానీ తిన్నగా, కిందుగా వచ్చిన విమానం బతికి బయటపడటం కష్టం. ఇంకో సంగతి దగ్గర నేను ఆగిపోయాను. దాడి మొదలవగానే ఓడ వంటగదిలో వాళ్లు కూడా పొయ్యి ఆర్పి, పైకి పరిగెత్తి గుండ్లు అందించేవాళ్లట. నేను చదివిన వాటిలో తుపాకీ పేల్చినవాళ్ల పేర్లున్నాయి, వీళ్లవి లేవు. ఏడుపొచ్చింది. వాళ్ల గురించి ఒక పేరా రాశాను.

బావ అదంతా ఆ ఆట ఆడేవాళ్ల వెబ్‌సైట్‌లో తన పేరు మీద పెట్టాడు. "పేరు ఎవులదైతే ఏటే, ఇంటిపేరు ఒకటే కదా!" ఆ పేరా మాత్రం కనబడలేదు. అడిగితే, "వంటోళ్ల గోల ఎవులు సదువుతారు? తీసీసేను" అన్నాడు. పేరు పోయినందుకంటే దీనికే నాకు ఎక్కువ మండింది. అయినా ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా అలవాటు.

ఇప్పుడు అది చదివి, ఆ ఆట తయారుచేసే కంపెనీ వాళ్లే మాట్లాడతామన్నారు. బావ మైకు ముందు కూర్చున్నాడు, కెమెరా లేదు. నేను పక్కన నిలబడి చెవిలో చెబుతుంటే అదే గట్టిగా అప్పజెబుతున్నాడు. "చాలా లోతుగా చదివారండీ బెన్హర్ గారూ" అన్నాడు అవతల నుంచి ఆనంద్‌కుమార్ అనే ఆయన. బావ హాయిగా నవ్వాడు. గుమ్మంలో నిలబడ్డ అత్త కూడా మురిసిపోయింది.

"ఒక్క అనుమానం సార్. ఇలా ఆగకుండా కాల్చాలంటే ఎవరో గుండ్లు మోస్తూ ఉండాలి. మా లెక్కలో తుపాకీ దగ్గర మనుషులు చాలడం లేదు. ఎవరు మోశారంటారు?"

బావ మైకు ఆపేశాడు. "ఎవులే? బేగి సెప్పు!"

చెబితే ఆయన చెప్పేస్తాడు. మళ్లీ నవ్వుతాడు. నేను వెళ్లి చేపలు వేయిస్తాను. ఇంత తెలిసి కూడా చెప్పడానికి నోరు తెరవబోయాను. నన్ను చూస్తే నాకే భయం వేసింది.

"నువ్వు తీసీసినోళ్లే, బావా" అన్నాను.

ఆయనకు అర్థమయ్యేలోపే వంగి మైకు ఆన్ చేశాను.

"ఆనంద్‌కుమార్ గారూ, నా పేరు షీబా. అది రాసింది నేను. మీరడిగిన మనుషుల్ని మా ఆయన అందులోంచి తీసేశారు. ఉండండి, వాళ్లెవరో నేను చెబుతాను."