ముట్టుకోకూడని మాటలు

ఆఫీసులో అందరూ ఆమెను జోస్యం మేడమ్ అని పిలిచేవారు. జనం సెర్చ్‌లో టైపు చేసిన మాటలు చూసి, ఎవరు కొంటారో, ఎవరు ఊరికే చూసిపోతారో ఇట్టే చెప్పేసేది. "చక్రాల కుర్చీల్లో రకాలు" అని వెతికినవాడికి ఇంకా నెల పడుతుంది. "చక్రాల కుర్చీ రేపటికల్లా" అన్నవాడు కొనేసినట్టే లెక్క. రోగుల మంచాలు, కుర్చీలు అమ్మే ఆ కంపెనీలో, ఏ మాటకు ప్రకటన చూపించాలో ఏరి పెట్టడమే ఏడేళ్లుగా ఆమె పని.

తమ్ముణ్ణి అక్కడ చేర్పించిందీ ఆమే. పక్కన కూర్చోబెట్టుకుని ఓనమాలు దిద్దించినట్టు నేర్పింది. ఒక జాబితా మాత్రం విడిగా చూపించింది. "నాన్న వీపు మీద పుండ్లు, ఏం చేయాలి", "అమ్మ పడిపోయింది, ఒక్కదాన్నే ఉన్నాను"... అలాంటి మాటలవి.

"వీళ్లు కొనరా అక్కా?"

"కొంటార్రా. ఏది చూపిస్తే అది కొనేస్తారు. అందుకే చూపించకూడదు. భయంలో ఉన్నవాళ్లకి మంచీ చెడ్డా చూసుకునే ఓపిక ఎక్కడుంటుంది?"

వాడు బుద్ధిగా తలూపాడు.

ఆ ఏడాదే బాబాయికి పక్షవాతం వచ్చింది. తల్లి పోయాక అక్కాతమ్ముళ్లను సాకింది పిన్నీ బాబాయిలే. ఆదివారం చూడటానికి వెళితే, హాల్లో అడుగు పెట్టే చోటు లేదు. నడిమధ్యన మోటారు మంచం ఒకటి అడ్డంగా ఉంది. బాబాయి మాత్రం గదిలో పాత మంచం మీదే ఉన్నాడు.

"ఇదెక్కడిది పిన్నీ?"

"నా తెలివి తెల్లారినట్టే ఉంది. గది గుమ్మంలో పట్టి చావడం లేదు. మీ బాబాయిని పక్కకి ఎలా తిప్పాలో తెలీక ఫోన్లో వెతికానే. అప్పట్నుంచి మంచం కొనమని ఒకటే పోరు. కాళ్లూ చేతులూ ఆడక నొక్కేశాను."

ఆమె ఫోన్ తీసుకుని చూసింది. "ఒక్కరే చూసుకుంటున్నారా? ఆలస్యం చేస్తే పుండు ముదురుతుంది." కింద తమ కంపెనీ పేరు.

మర్నాడు పొద్దున్నే కంప్యూటర్ తెరిచింది. తాను "వద్దు" అని పక్కన పెట్టిన జాబితా నాలుగు నెలలుగా "ముందు వీళ్లకే" అన్నచోట ఉంది. మార్చింది తమ్ముడు. ఆ నాలుగు నెలల్లోనే వాడికి ప్రమోషన్ వచ్చింది. అప్పుడు తానే పొంగిపోయి కొత్త చొక్కా కొనిపెట్టింది కూడా.

మెట్ల దగ్గర వాణ్ణి ఆపింది.

"పిన్ని మంచం కొంది."

"మన దగ్గరేనా? ముందే చెప్తే డిస్కౌంట్ ఇప్పించేవాణ్ణిగా!"

"ఏం టైపు చేస్తే అది కనబడిందో తెలుసా?"

వాడి మొహంలో రంగు మారింది. "పైవాళ్లు అమ్మకాలు పెంచమన్నారక్కా. నువ్వు వాడకుండా వదిలేసింది నేను వాడాను, అంతే. అయినా మంచం అవసరమే కదా వాళ్లకి?"

"నీకు నమ్మి చెప్పాన్రా."

వాడు గోడకేసి చూశాడు.

ఆమె తిన్నగా మేనేజర్ గదిలోకి వెళ్లి, ఆ మాటలకి ప్రకటనలు ఆపమంది. ఆయన ఆశ్చర్యపోయాడు. "అదేంటమ్మా? మా అక్క తయారు చేసిన జాబితానే, తనకీ ఇష్టమేనని చెప్పాడే మీ తమ్ముడు?"

ఆమె సీటు దగ్గరికొచ్చి, జాబితాను మళ్లీ పాత చోటుకి మార్చి, రాజీనామా రాసిచ్చింది. సాయంత్రానికల్లా ఆఫీసువాళ్లు జాబితాను తిరిగి మార్చేశారని తర్వాత తెలిసింది.

తెరిచిన సరుకు వెనక్కి తీసుకునేది లేదన్నారు కంపెనీవాళ్లు. ఆ వారంలోనే వడ్రంగిని పిలిచి గుమ్మం ఊడదీయించి, మంచాన్ని గదిలోకి చేర్చింది. బాబాయిని దాని మీదికి మార్చారు. తల వైపు పైకి లేవగానే ఆయన కిటికీలోంచి వీధిని చూసి, ఒక పక్కకే నవ్వాడు.

పిన్ని మొహం విచ్చుకుంది. "నిన్న తమ్ముడు కూడా ఫోన్ చేశాడే. మంచిదే కొన్నావు పిన్నీ, ఏం బెంగపడకు అన్నాడు. పిచ్చి సన్నాసి, ఎంత ప్రేమో!"

ఆమె వడ్రంగి వదిలేసిపోయిన చెక్కముక్కలు ఏరడానికి వంగింది.