చుట్టల డబ్బాలో ధనమ్మ నోరు

ధనమ్మ నోరు ఎలాంటిదో ఆ తీరమంతటికీ తెలుసు. ఒడ్డున చేపల వేలం ఆమె పాడితే, పూండి నుంచి వచ్చిన వ్యాపారులు కూడా కిక్కురుమనకుండా బుట్టలెత్తుకునేవారు. అలాంటి మనిషి మూడు వారాలుగా పెదవి విప్పడం లేదు.

యాభై ఏళ్ళు అడ్డచుట్ట కాల్చింది. అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. సముద్రపు గాలికి నిప్పు ఆరకుండా అక్కడి ముసలమ్మలంతా అలాగే కాల్చేవారు. డెబ్భై రెండో ఏట అంగిట్లో పుండు లేచింది. క్యాన్సరన్నారు. ఈ వయసులో కోతలెందుకని ఊరంతా నసిగినా, కోడలు పార్వతి వినకుండా అత్తను విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషను చేయించింది. ఇంటికి రాగానే చుట్టలన్నీ పొయ్యిలో వేసింది.

పుండు పోయింది గానీ అంగిట్లో చిల్లు మిగిలింది. గంజి తాగితే ముక్కులోంచి కారేది. మాట్లాడితే మాటంతా ముక్కులోకే పోయేది. ఆకలన్నదే మరిచిపోయి ధనమ్మ సగమైంది. చిల్లు మూయడానికి డాక్టరు పళ్ళసెట్టు లాంటి ప్లేటు చేయించి ఇచ్చాడు. అది అలవాటు చేసుకుని తిండి తింటేనే సత్తువ వస్తుందనీ, సత్తువ వస్తేనే వచ్చే నెల కరెంటు, అంటే రేడియేషను, పెట్టగలమనీ చెప్పాడు.

ఆసుపత్రిలోనే దాన్ని పెట్టుకుని ధనమ్మ ఒక్క మాట అంది. మాటతోపాటు ఈల కూడా వచ్చింది. పక్క బెంచీవాళ్ళు తిరిగి చూశారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. మాట కుదిరేదాకా ఎవరి ముందూ నోరు తెరవనని అక్కడే ఒట్టు పెట్టుకుంది.

పాత చుట్టల డబ్బా బూడిదతో తోమి, వేడినీళ్ళతో కడిగి, కోడలికి కూడా చెప్పకుండా ప్లేటు అందులో దాచింది. యాభై ఏళ్ళు రొంటిన ఉన్న డబ్బా కదా, చేయి దానంతటదే అక్కడికి పోతుంది. రోజూ మధ్యాహ్నం జీడితోటలోకి వెళ్ళి, ప్లేటు పెట్టుకుని, కాకులకు వేలం పాడేది. మొదటివారం ఈలలే. రెండోవారానికి కాకులు భయపడి లేచిపోవడం మొదలైంది. ధనమ్మకు ఎంత సంతోషమో చెప్పలేం.

మూడోవారంలో మంగళవారం నాడు కునుకు తీసి లేచి రొంటిన తడుముకుంటే డబ్బా లేదు. ఎదురుగా పార్వతి నిలబడి ఉంది.

"ఏటి ఎతుకుతన్నావత్తా? సుట్టల డబ్బాయేనా? మొగలి డొంకలోకి ఇసిరేసినాను. నిన్ను బతికించుకుందామని నాను ఆసుపత్రి సుట్టూ తిరిగితే, నువ్వు తోటలోకెల్లి పొగ పీల్సుతావా?"

ధనమ్మ గబుక్కున కోడలి చేయి పట్టుకుంది. వేలితో నోరు చూపించింది.

"అడిగినా ఇవ్వను," అంది పార్వతి. ఆ ఇంట్లో నోరు చూపించడమంటే ఇన్నాళ్ళూ చుట్ట అడగడమే మరి.

అప్పుడే వారం వారం వచ్చే నర్సు లక్ష్మీప్రియ గుమ్మంలో చెప్పులు విడిచింది. "మామ్మా, ప్లేటేదీ? నోరు చూద్దాం."

ధనమ్మ పెరటివైపు, ఆ ముళ్ళ డొంకవైపు చేయి చాపింది. లక్ష్మీప్రియ ఇద్దరి ముఖాలూ చూసి, పార్వతిని అడిగి సంగతంతా రాబట్టి నెత్తి కొట్టుకుంది. "అది చుట్టల డబ్బా కాదక్కా, మీ అత్త నోరు. మళ్ళీ చేయించాలంటే నెల పడుతుంది. అంతవరకూ తిండెలాగ? కరెంటెలాగ?"

 పార్వతి కత్తి కోసమైనా చూడకుండా, చీర ఎగదోపి మొగలి డొంకలో దూరింది. పాములుంటాయని పగలు కూడా ఎవరూ పోని చోటది. డొంక పక్క గట్టుమీద ధనమ్మ నిలబడింది. డబ్బా సంగతి మరిచిపోయి, ఈ పిచ్చిది బయటకొస్తే చాలనుకుంది.

చాలాసేపటికి పార్వతి వచ్చింది. చేతులనిండా గీరుకుపోయి నెత్తురు. గుప్పిట్లో డబ్బా. మూత ఊడలేదు.

లక్ష్మీప్రియ ప్లేటు కడిగి ఇచ్చింది. ధనమ్మ దాన్ని అంగిట్లో సర్దుకుని, కోడలి చేతులు చూసింది. ఆ క్షణంలో ఒట్టూ గిట్టూ ఏమీ గుర్తుకు రాలేదు.

"ఏటే పార్వతీ, మూత తీసి సూడ్డానికి నీ సేతులు పడిపోనాయా? ఆ ముళ్ళలో ఏ పామో కరిస్తే నాకు దిక్కెవులే? తెలివుందా నీకు?"

ఈల రాలేదు. ప్రతి మాటా ఖణేల్మని మోగింది. పక్కింటి గౌరమ్మ గోడమీంచి తొంగి చూసింది.

పార్వతి ఏడుస్తూ నవ్వుతోంది. "తిట్టత్తా. ఇంకా తిట్టు. నీ తిట్లు ఇని ఎన్నాళ్ళయిందో."

ధనమ్మకూ కళ్ళు చెమర్చాయి. అయినా గొంతు తగ్గించలేదు.

"తిడతాను, ఎక్కడికి పోతాను? ముందు ఆ సేతులకి పసుపు రాసుకో. రాసుకుని గంజి ఎట్టు," అంది. "ఆకలేత్తంది."