యువరాజు చేతిరాత

అర్షామ్ రాజు చరిత్ర నేను తొమ్మిదేళ్లుగా రాస్తున్నాను. పట్టాభిషేకానికి ముందే అన్నలిద్దరినీ చంపించినవాడు. వారానికో గదిలో పడుకునేవాడు. వంటవాళ్లను నమ్మక, ఉడికించిన గుడ్లు తానే ఒలుచుకుని అవే తినేవాడు. అతను బతికుండగా ఒక్క ముక్క రాసే ధైర్యం నాకు లేదు. పోయాక పద్దెనిమిది తోలుపత్రాల చుట్టలు ఆగకుండా రాశాను. పందొమ్మిదో దగ్గర చెయ్యి ఆగింది. అందులో రావలసింది అతని పెద్దకొడుకు మిత్రదాన్ చావు.

మిత్రదాన్‌కు అక్షరాలు దిద్దించింది నేనే. ఎడమచేతివాటం పిల్లవాడు. రాజుకది అపశకునం కాబట్టి, ఆ చేతిని నడుముకు కట్టేసి కుడిచేత్తో రాయించాను. పెద్దయ్యాక కూడా అతని అక్షరాలు ఎడమవైపుకు ఒరిగే ఉండేవి.

రాజు చెల్లెలు లావోదికేకు తన కొడుకు సింహాసనం ఎక్కాలని ఆశ. "అన్నయ్యా, నీ గడ్డంలో తెల్లవెంట్రుకలు నీ కొడుకు రోజూ లెక్కపెడుతున్నాడు, చూసుకో," అని భోజనాల దగ్గర నవ్వుతూ అనేది. ఒకరోజు ఉత్తరం ఒకటి తెచ్చి చూపించింది. తండ్రిని చంపడానికి సైన్యం పంపమని మిత్రదాన్ పొరుగు శత్రువులైన పార్థియన్ల సేనానికి రాశాడట. రాజు నన్ను పిలిపించాడు.

"పంతులూ, ఇది నీ శిష్యుడి రాతేనా?"

అక్షరాలు నిటారుగా నిలబడి ఉన్నాయి. ఒక్క చూపులో తెలిసిపోయింది. రాజు వెనక నుంచి లావోదికే నన్నే చూస్తోంది.

"అలాగే ఉంది ప్రభూ," అన్నాను.

మూడోరోజున కోటలో మిత్రదాన్ మెడకు తాడు బిగించారు.

ఇన్నాళ్లకు ఆ పందొమ్మిదో చుట్టలో, "నిపుణులను పిలిచి అడిగారు, వారు అవునన్నారు" అని రాసి, అతని భార్య స్తతీరాకు వినిపించడానికి వెళ్లాను. ఆమె నది ఎగువన ద్రాక్షతోటలో ఒక్కతే ఉంటోంది. అక్రోట్లు రాతితో పగలగొడుతూ చివరిదాకా విన్నది.

"బాగా రాశారు గురువుగారూ. ఆ నిపుణులెవరు?"

"నేనేనమ్మా."

ఆమె చేతిలో రాయి ఆగిపోయింది.

"ఆయన్ని తీసుకుపోతుంటే నేను ఏడ్చాను. 'పిచ్చిదానా, గురువుగారున్నారు, నా రాత ఆయనకు తెలీదా, సాయంత్రానికి వచ్చేస్తా' అన్నాడు. నేను గుమ్మంలోనే కూర్చున్నాను." అక్రోట్ల గిన్నె పక్కకు నెట్టింది. "ఎందుకు చేశావయ్యా?"

"భయమేసింది."

"సరే. అదే రాయి. నీ పేరు పెట్టి రాయి. ఇంక లే, వెళ్లు."

రాశాను. మిగతా చుట్టలు చదివినట్టే దాన్నీ ఊరి మండపంలో అందరి ముందు చదివాను. ఎవరూ కేకలు వేయలేదు. తలెత్తి చూసేసరికి సగం మంది లేరు. నలభై ఏళ్ల స్నేహితుడు అపొల్లోఫానెస్ చెప్పులు తొడుక్కుంటూ, "రాజుకు పిచ్చి, సరే. నీకేమొచ్చింది రా?" అని జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా ఇంటికి ఎవరూ రారు. రొట్టెలమ్మే ఆవిడ కూడా గడప మీద రొట్టె పెట్టి, పలకరించకుండా పోతుంది. నేను ఇరవయ్యో చుట్ట రాస్తున్నాను, రాజు చివరి జబ్బు గురించి. వాక్యం కుదిరిందో లేదో పైకి చదువుకుని చూడటం నా అలవాటు. మొన్న అలా మొదలుపెడితే గొంతు పెగల్లేదు. ఆరు రోజులుగా నోరు విప్పి ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు గుర్తొచ్చింది. మంచినీళ్లు తాగి మళ్లీ చదివాను.