పదిమంది

గల్ఫ్‌లో, గుదైబియాలోని గదిలో చనిపోయిన నాన్న సామాను సర్దుకోవడానికి గుంటూరు నుంచి వచ్చాడు ఎజ్రా. డిగ్రీ చివరి సంవత్సరం. నాన్నను ఇక్కడే పూడ్చిపెట్టారు. వాళ్ళలాంటి యూదుల ఇళ్ళలో తండ్రి పోతే కొడుకు చదవాల్సిన ప్రార్థన మిగిలిపోయింది. దానికి పదిమంది యూదు మగవాళ్ళు ఉండాలి. ఈ ఊళ్ళో అతనికి ఒక్క యూదుడూ తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం గది నాన్న తోటి పనివాళ్ళతో నిండిపోయింది. నాన్న పక్కమంచం డ్రైవర్ బాసిత్ టోపీ సర్దుకున్నాడు.

“పదిమంది కావాలని మీ నాయన అంటుండె బేటా. నీతోని పదిమందిమి అయినం. సదువు.”

“యూదులే ఉండాలి బాబాయ్.”

“ఆ ముచ్చట ఆయన చెప్పనేలేదు.”

తలకు తువ్వాల చుట్టుకుంటూ మేస్త్రీ వెంకటి అన్నాడు: “ఓవర్‌టైం ఇడిచిపెట్టి వచ్చినం. ఇగ ఎల్లగొడతవా?”

ఎవరో నవ్వారు. ఎజ్రాకు నవ్వు రాలేదు. నాన్న ఆ మాట చెప్పడం మరిచిపోయాడా, కావాలనే వదిలేశాడా? చదివితే ఆచారం తప్పినట్టు, చదవకపోతే నాన్నను వదిలేసినట్టు అనిపించింది.

చివరికి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మొదటి వాక్యం ముగియగానే బాసిత్ “ఆమీన్” అన్నాడు. మిగతావాళ్ళూ అన్నారు. అనాల్సిన చోటే అన్నారు.

అది లెక్కకు వస్తుందో రాదో తెలియకపోయినా ఎజ్రా తర్వాతి వాక్యం అందుకున్నాడు.