కాళి అడుగు జాడ

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. ప్రతాప్ పొద్దున్నే చేను చుట్టూ ఒకసారి తిరిగి, నర్సింహులపేట దీక్షా శిబిరానికి పోయేవాడు. మన గడ్డ మీద పరాయివాళ్ల పెత్తనమేందని మైకులో నిలదీసి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు.

ఒకనాడు వాగు పక్కన తన మోటరు వైరు కనబడలేదు. బురదలో ఒక్క అడుగు జాడ కూడా లేదు. దాంతో అతని అనుమానం తండావైపు తిరిగింది. తండాలోని కాళికి పుట్టుకతోనే పరాయి జాగాలో అడుగు జాడ పడదు. తన వాకిట్లో మాత్రం అందరిలాగే పడుతుంది. ఆమె తొక్కినా మడి చెదరదని నాట్లకు ముందుగా ఆమెనే పిలిచేవాళ్లు.

ఇక కాళి నెత్తిన మూట చూసినా, చంకలో సంచి చూసినా అందులో తన వైరే ఉందనుకునేవాడు ప్రతాప్. కాలేజీ బందై ఇంటికొచ్చిన కొడుకు గౌతమ్‌తో చేను మొదట్లో ఇంగ్లిషు బోర్డు రాయించి, మర్నాడు దాని ముందే కాళిని ఆపాడు.

అదేమిటని కాళి లంబాడీలో అడిగితే, పటేలు ప్రతాప్‌కూ వినబడాలని వెంట ఉన్న బిడ్డ లత తెలుగులో చెప్పింది.

"ట్రెస్‌పాస్ చెయ్యొద్దని రాసిర్రు. అంటే అడగకుండ వేరేటోళ్ల జాగల అడుగు పెట్టుడు."

"నా అడుగు పడనే పడదు గద పటేలా," అంది కాళి. "గది నాకెట్లయితది?"

అడుగు పడకపోవడమే రుజువన్నాడు ప్రతాప్. పైగట్టు మీదుగా రోడ్డుకు పోవడమే తప్ప వాగుదిక్కు ఎన్నడూ దిగలేదని కాళి చెప్పినా నమ్మలేదు. ఊరి పెద్దమనిషి వీరయ్యను పిలిపించి, ఆయన ముందే కాళితో అన్నాడు.

"మోటరు దాక నడువు. జాడ పడకుంటే దొంగవు నువ్వే."

కాళి నడిచింది. గట్టు దిగేదాకా నేల మీద ఏమీ లేదు. వాగు పక్కనున్న అరెకరం రేగడిలో కాలు పెట్టగానే అడుగు పడింది. రెండోది ఇంకా లోతుగా, అయిదు వేళ్లతో పడింది. మోటరు దాకా అట్లాగే పడ్డాయి. కాళి వెనక్కి తిరిగి చూసుకుని అక్కడే నిలబడిపోయింది.

వీరయ్య వంగి ఆ జాడలు చూశాడు. ఆ భూమి చెక్క కాళి తండ్రి తావుర్యాదని, ఆయన వలసపోయిన ఏడు ప్రతాప్ తండ్రి దాన్ని తన పట్టాలో కలుపుకున్నాడని, సాక్షి సంతకం తానే పెట్టానని చెప్పాడు. కాళి అప్పటికింకా తల్లి కడుపులో ఉంది.

వైరు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మర్నాడు శిబిరంలో మైకు చేతికిస్తే ప్రతాప్ పక్కవాడికి అందించాడు.

సమ్మె ముగిసి ఆఫీసులు తెరిచాక వీరయ్య సాక్ష్యంతో ఆ అరెకరం కాళి పేరుకు మారింది. మోటరు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ప్రతాప్ రోజూ గట్టు మీద ఆగుతాడు.

"కాళక్కా, మోటరు ఏసుకోవాలె. లోపలికి రావచ్చునా?"

కాళి కలుపు తీయడం ఆపి, అతని చేతుల్లో ఏముందో చూసి, అప్పుడు రమ్మంటుంది.