పోటు చూడని పూట

సత్యప్రసాద్ నాకు ద్రోహం చేశాడని ఇరవై మందిలో అన్నాను, ఇప్పుడూ అంటాను. నాలుగో తరగతి ఇద్దరం ఒకేసారి మానేశాం. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకున్నవాళ్ళం. అలాంటివాడు ఒక్క మాట చెప్పకుండా నా చేను పక్కన ఉప్పునీళ్ళు పెట్టించాడు.

తొంభై అయిదులో రొయ్యల చెరువులవాళ్ళు నరసాపురం దిగువన మా ఊళ్ళోకి వచ్చారు. మా చేలకి విడివిడిగా బోదెలు లేవు. కాలువ నీళ్ళు ఒకడి చేలోంచి ఇంకొకడి చేలోకి దిగాలి. మధ్యలో ఒక్కడు చెరువు తవ్వించినా కిందివాళ్ళకి మంచినీళ్ళు ఆగిపోతాయి, ఉప్పు ఊరుతుంది. ఇది చెప్పి పద్దెనిమిది మంది రైతుల్ని ఒక్క మాట మీదికి తెచ్చింది నేనే. తవ్వే మిషను వచ్చిన రోజు దాని ముందు పడుకున్నదీ నేనే. అప్పటినుంచి ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు, అధ్యక్షుడుగారనేవారు.

తర్వాత మీటింగులో బంగార్రాజు లేచాడు. అరెకరం రైతు, మెత్తని మనిషి.

“ఒక్క ఏడాది లీజుకిచ్చి చూద్దామాండి? రెండు పంటలు పోయాయి. తట్టుకోలేకపోతన్నాను.”

“ఇచ్చేసి ఇంట్లో కూర్చోవయ్యా. గాజులు కూడా ఆళ్ళనే కొనిపెట్టమను” అన్నాను.

అందరూ నవ్వారు. సత్యప్రసాద్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఇంటికొచ్చాక నా భార్య సూర్యకళ, “ఆయన కష్టం చెప్పుకున్నాడు. అలా అనకుండా ఉండాల్సింది” అంది. మీటింగు సంగతులు నీకెందుకన్నాను.

నెల తిరిగేసరికి సత్యప్రసాద్ చేలో మిషను దిగింది. అడ్డుపడదామని పిలిస్తే నలుగురు కూడా రాలేదు. అప్పటికే వాడితో కలిపి పదకొండు మంది లీజుకి సంతకాలు పెట్టేశారు.

“నాకొక మాట చెప్పొచ్చు కదరా” అన్నాను.

“ఎలా చెప్పమంటావు బావా? బంగార్రాజుకి గాజులేయించావు. నాకు చీర కట్టిత్తావేమోనని భయమేసింది.”

ఆ ఏడు సార్వా వరిని వానల మీదే నెట్టుకొచ్చాను. చేను పొట్ట మీద ఉండగా ఒక పొద్దున్న చూస్తే, గట్టువార దుబ్బులు ఎర్రబడి ఉన్నాయి. అదే కోపంలో పార తీసుకుని సత్యప్రసాద్ చెరువు గట్టుని మురుగు కాలువ వైపు తెగ్గొట్టాను. నీళ్ళూ రొయ్యలూ సముద్రానికి పోతాయనుకున్నాను. ఆ రోజు అమావాస్య. సముద్రం పోటు మీదుండి కాలువ అంచుల దాకా ఎక్కింది. మా వైపు ఎవడైనా గట్టు తెంచే ముందు పోటా పాటా అని చూస్తాడు. నేను చూడలేదు. చెరువు నీళ్ళు కాలువలో పట్టక నా చేలోకి తిరిగాయి. అక్కణ్ణుంచి, ఇంకా నా మాట మీదున్న ఏడుగురి చేలల్లోకి దిగాయి. గండి పూడ్చడానికి ఒక్కణ్ణే మట్టి వేశాను. వేసిన మట్టి వేసినట్టే కొట్టుకుపోయింది.

మధ్యాహ్నం బంగార్రాజు వచ్చాడు. తిట్టలేదు.

“చెరువులోళ్ళు ముంచేత్తారని మీరే చెప్పారండి. మిమ్మల్ని నమ్మే నేను సంతకం పెట్టలేదు” అని వెళ్ళిపోయాడు.

నేను గట్టు కొట్టడం కళ్ళారా చూశానని సత్యప్రసాద్ పోలీసులకి చెప్పాడు. ఆ పూట వాడు ఊళ్ళోనే లేడు, పెనుగొండ గుడికి వెళ్ళాడు. నేను కొట్టింది నిజం, వాడు చూడటం అబద్ధం. ఆ మాట చెప్పబోతే వినేవాడు లేడు. టీ కొట్టులో నేను కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది.

చెరువు నష్టం గురించి కోర్టులో తేల్చుకుందామనే అనుకున్నాను. కానీ ఏడుగురి పంట ముంచింది నేను. ఎవరూ అడగకముందే ఇస్తానన్నాను. ఇవ్వాలంటే చేను అమ్మాలి. చుట్టూ ఉప్పు చేరిన చేను కొనేవాడు చెరువులవాడు ఒక్కడే. రిజిస్ట్రేషన్ నాడు సాక్షి సంతకానికి ఎవరినడిగినా పనుందన్నారు. చివరికి సత్యప్రసాదే వచ్చి, నా మొహం చూడకుండా పెట్టి వెళ్ళాడు. మా నాన్న ఇచ్చినదాంట్లో ఒక్క సెంటు మిగలలేదు. దస్తావేజులో రాసింది రెండెకరాల ముప్పై ఎనిమిది సెంట్లు.