ఆయ్ అంటే

కాఫీ తాగుతూ వీరేంద్ర అన్నాడు, "కాట్రేనికోన హెడ్మాస్టరు పోస్టుకి ప్రమోషనొచ్చినా రేపు కౌన్సెలింగ్‌లో వద్దనెయ్. పొద్దున్నే నువ్వు బస్సెక్కేస్తే అమ్మకి వేళకింత ఎవరు పెడతారు?" పప్పు పొంగకుండా మంట తగ్గిస్తూ సత్యదుర్గ "ఆయ్" అంది. కాపరానికొచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఆమె మాట్లాడిందంతా కలిపితే ఆ ఒక్క ముక్కే.

ఆదివారం కదాని తోటి టీచర్లు కృష్ణవేణి, విజయకుమారి అమలాపురంలో హోటలుకి భోజనానికి రమ్మన్నారు. దానికీ రెండుపూటలకి సరిపడా ఇంట్లో వండిపెట్టే బయల్దేరింది. తను వండని అన్నం తినాలని ఎన్నాళ్ళ ఆశో. తీరా రొయ్యల పులావు వస్తే పైన పొగలేగానీ లోపల చల్లారిపోయింది, రొయ్యలు నీచు కొడుతున్నాయి. ఒకరు వడ్డించేరు, అదే పదివేలంది విజయకుమారి. సత్యదుర్గ కూడా వంచిన తల ఎత్తకుండా తినేస్తోంది. మాడిన అట్టూ, అడుగంటిన కూరా ఇంట్లో తన కంచంలోకే వస్తాయి. బాగోలేదని చెప్పడం ఆమె నాలుక ఎప్పుడో మానేసింది.

సర్వరొచ్చి ఎలా ఉందండీ, బాగుందా అనడిగాడు. సత్యదుర్గ నోట "ఆయ్" వచ్చేసింది.

"బాలేదండీ," అంది కృష్ణవేణి. "నీచు వాసనొస్తంది. వేరేది పట్రండి."

గొంతు పెంచలేదు, మొహం చిట్లించలేదు. అతను పళ్ళాలు తీసుకెళ్ళిపోయాడు, అంతే. సత్యదుర్గ ఆమెనే చూస్తూండిపోయింది. కృష్ణవేణికీ ఇంట్లో మొగుడున్నాడు, అత్తగారున్నారు. అయినా నిజాన్ని మంచినీళ్ళడిగినంత తేలిగ్గా ఎలా అనేసిందో! ఆ క్షణాన ఆమెని కావలించుకోవాలనిపించింది.

"అంత బాగుందా నీకు?" కృష్ణవేణి నవ్వింది.

"విన్నానని ఆయ్ అన్నానే."

"అతనికి బాగుందనే వినపడుద్ది కదమ్మా."

రెండోసారి వచ్చినదాంట్లో ఉప్పే లేదు. ముగ్గురూ పడీపడీ నవ్వుకుంటూ పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు. సత్యదుర్గకి మాత్రం పొద్దుటి ఆయ్ వీరేంద్రకి ఎలా వినపడుంటుందా అన్నదే ఆలోచన.

ఇంటికి రాగానే వీరేంద్ర టీవీ మీంచి చూపు తిప్పకుండానే, రేపు వద్దని చెప్పేస్తున్నావుగా అన్నాడు. ఆమె చెప్పులు విప్పి, అతని ఎదురుగా కూర్చుంది. ఆ కుర్చీలో ఆమె కూర్చోడం అరుదు.

"పొద్దున్న ఆయ్ అన్నది విన్నాననండీ. ఒప్పుకున్నానని కాదు. నేను చేరతాను. అత్తయ్యగారికి పొద్దుటిపూట మీరు పెడుదురుగాని."

అతను రిమోటుతో టీవీ ఆపి ఆమె వైపు తిరిగేడు. "ఆయ్" అన్నాడు.